నాలుగో బిళ్ళ

మూడు నెలలుగా రోజూ ‘పాసు’ అని తన చేత్తో రాసిన కాలువ లాకు గోడలోకి యెహెజ్కేలు చూపుడువేలు రెండో కణుపుదాకా దిగిపోయింది.

వేలు వెనక్కి లాక్కున్నాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య గుండ్రని చిల్లు పడింది. అందులోంచి తడి ఇసుకలాంటి సున్నం జారి అతని పాదం మీద పడింది. గోడ పొడుగునా ఏదో పల్చగా, తెల్లగా పూసి ఉంది. కోడలికి అరబిందె మంచినీళ్లిచ్చి తిరిగి వస్తూ, ఆ తెలుపేమిటో చూద్దామని వంగాడు, అంతే.

పది అడుగులు నడిచి మరోచోట గీరాడు. రాలింది. ఇంకోచోట తను పనిచేసే పాక తాళంచెవితో పొడిచాడు. తాళంచెవి పిడిదాకా దిగింది.

గోడ ఎత్తు పద్దెనిమిది అడుగులు. దానికి ఇటుపక్క వేసవి కోసం కట్టేసిన కాలువ, అడుగున నెర్రెలు విచ్చి ఉంది. అటుపక్క పల్లంలో, గోడ నీడలోనే, లాకు కాపలాదారు ఇల్లు. కాపలాదారు అతని కొడుకు లాజరు. ఆ ఇంటి వెనక అరవై కూలి గుడిసెలు. సోమవారం పొద్దున ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువ తలుపులెత్తుతారు. సాయంత్రానికి నీళ్లు ఇక్కడికొచ్చి ఈ గోడ మీద ఆనుకుంటాయి.

ఆ రోజు మంగళవారం.

యెహెజ్కేలు పాకలోకి వెళ్లి రిజిస్టరు తెరిచాడు. మిషను బడిలో చదువుకున్న మనిషి. అంకెలు ముత్యాల్లా రాస్తాడని, గోడ సున్నం బలం తూచి రాసే ఈ పని ఇచ్చారు. పని తేలికే. దూలానికి ఇనప కొక్కెం వేలాడుతుంది. ఇంగ్లీషు ఎనిమిదిలాగా నడుము సన్నగా పోతపోసిన సున్నపు బిళ్ళని దానికి తగిలించి, కింద బకెట్టు కట్టి, అందులోకి ఇసుక ధారగా వదలాలి. బిళ్ళ నడుము తెగగానే ధార ఆపి బకెట్టు తూచాలి. ఎన్ని పౌన్లకి తెగితే అంత బలం. గోడకి వాడే సున్నంలోంచే రోజూ ఏడు బిళ్ళలు పోస్తారు, వారం ఆరబెట్టి తెంపుతారు. ఏడింటి సగటు యాభై పౌన్లు దాటితే ఆ రోజు సున్నం పాసు.

ఆ రోజు వంతు బిళ్ళలు తగిలించాడు. ముప్పై ఒకటి. ముప్పై మూడు. ముప్పై. తొంభై ఎనిమిది. ముప్పై నాలుగు. ముప్పై రెండు. తొంభై ఆరు. కూడి ఏడు పెట్టి భాగించాడు. యాభైన్నర. కలం సిరాలో ముంచాడు గాని, పాసు అని రాయడానికి చెయ్యి రాలేదు.

“లెక్క తేలిందా బావగారూ?” అంటూ చిట్టియ్య వచ్చాడు. సున్నం మేస్త్రి. గానుగ దగ్గర సున్నం కలిపించేదీ, బిళ్ళలు పోసేదీ అతనే. యెహెజ్కేలుకి వియ్యంకుడు కూడా, లాజరు భార్య ప్రసన్నకుమారి అతని కూతురు. రేపటి బిళ్ళల పళ్లెం బల్ల మీద పెట్టి, కడుపుకి చుట్టుకున్న తడిగుడ్డ సర్దుకున్నాడు. చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది.

“చిక్కిపోయారు బావగారూ” అన్నాడు యెహెజ్కేలు.

“ఎండలండి. లోపలికెళ్లింది నిలవడం లేదు.”

“గోడలో నా వేలు దిగిందండి.”

చిట్టియ్య పళ్లెంలో బిళ్ళల్ని వరుసగా సర్దుతున్నాడు. ఒక బిళ్ళ మీద చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. “పచ్చి మీదుంది. సున్నం గోడ ఏటికేడు బిగుస్తుందండి. కాలువలో మంచినీళ్లొచ్చి కడిగితే రాయే” అన్నాడు. వెంటనే కడుపు పట్టుకుని తుమ్మల వైపు గబగబా నడిచాడు.

యెహెజ్కేలు రిజిస్టరు చంకన పెట్టుకుని ఓవర్సీరు చంద్రరావు డేరాకి వెళ్లాడు.

“ఏమోయ్, ఈవేళ సగటెంత?”

“యాభైన్నరండి.”

“పాసేగా.”

“లెక్క ప్రకారం పాసేనండి. కాని గోడలో వేలు దిగుతోందండి.”

చంద్రరావు కలం కింద పెట్టాడు. “ఎవరి వేలు?”

“నాదేనండి.”

“నీ వేలికి రిజిస్టరులో గడి ఉందా?”

“లేదండి.”

“మరి? మూడు నెలలుగా సగటు ఒక్కరోజు కూడా యాభై తగ్గలేదు. ఇంజనీరు దొర సంతకం పెట్టాడు. నేను పెట్టాను. రాసింది నువ్వు. ఇప్పుడు గోడ బాగులేదని నేను పైకి రాస్తే, అయితే ఈ అంకెలెవడు రాశాడని అడుగుతారు. ఏం చెప్పమంటావు?”

“నేను తూచిందే రాశానండి.”

“తూచిందే రాస్తే గోడ బాగున్నట్టు. గోడ బాగులేకపోతే నువ్వు తూచింది రాయనట్టు. రెండింట్లో ఏది కావాలో చూసుకో” అని చంద్రరావు మళ్లీ కలం తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తలుపులమ్మ చేపల గంపతో పాక ముందు దిగింది. సముద్రపొడ్డు పల్లెకారుల మనిషి. వారానికి రెండుసార్లు ఉప్పుటేరు దాటి వస్తుంది. గంప మీద రెండు పండుగప్పలు, ఒక్కొక్కటి చేయి పొడుగు, తెల్లగా మెరుస్తున్నాయి.

“ఈవేళ పెద్దవే తెచ్చావే” అన్నాడు యెహెజ్కేలు, ఏదో ఒకటి అనాలి కనుక.

తలుపులమ్మ నవ్వింది. “మీలాంటోళ్లుండబట్టే మాకు కూడు దొరుకుతుంది రైటరు గారూ. పైన సూసి గంపంతా ఇలాంటివే అనుకుంటారు.” పండుగప్పల్ని పక్కకి జరిపింది. కింద వేలెడు చేపలున్నాయి. “మా రేవులో ఈ ఆట సాగదండి. మా రేవు మనిషి పైన సూడడు. సూడకుండా సెయ్యెట్టి ఏడు సేపలు లాగుతాడు. ఇసకలో పొట్టిదాని కాణ్ణించి పొడుగుదాని దాకా వరసలో పేరుస్తాడు. పేర్చి, నడిమిది సూస్తాడు. నాలుగోది. గంప ఎలాంటిదో అదే సెప్పుద్ది.”

“ఏడూ కలిపి సగటు తియ్యడా?”

“కలిపితే మోసపోడా? నేనో తిమింగలాన్ని పెట్టాననుకోండి. కలిపితే అన్నీ పెద్దయిపోతాయి మీ లెక్కలో. వరసలో పెడితే తిమింగలం పోయి సివర కూకుంటది. ఎంత పెద్దదైనా దాని సోటు సివరే. నాలుగోది కదలదు. దాన్ని కదపాలంటే ఏడింట్లో నాలుగు మార్చాలి. అన్ని పెద్ద సేపలుంటే నేను మోసమెందుకు సేస్తానండి?”

యెహెజ్కేలు చేపలు తీసుకోలేదు. లోపలికెళ్లి రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిప్పాడు. ఒక్కొక్క రోజు ఏడంకెల్నీ చిత్తుకాగితం మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా తిరగరాసి, నాలుగోదాని చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టుకుంటూ పోయాడు. మార్చి నెలంతా యాభై ఐదు, యాభై ఆరు, యాభై ఎనిమిది. కాలువ కట్టేసిన తరువాత కూడా, ఏప్రిల్ ఇరవై ఒకటిన పోసిన బిళ్ళల దాకా యాభై ఆరే. ఇరవై రెండున పోసిన బిళ్ళల్లో నాలుగోది ముప్పై మూడు. ఆ తరువాత ఏ రోజూ ముప్పై ఐదు దాటలేదు. ప్రతిరోజూ వరస చివర రెండు పెద్దంకెలు, తొంభై ఐదుకి అటూ ఇటూ. సగటుని యాభై గట్టు దాటించడానికి సరిగ్గా చాలినంత.

తేడా ఒక్క రాత్రిలో వచ్చింది. ఎవడో తెచ్చాడు.

ఏప్రిల్ ఇరవై ఒకటి అతనికి బాగా గుర్తే. ఆ రోజు గుడిసెల్లో నలుగురు వాంతిభేదితో పోయారు. ప్రార్థన చదివేవాళ్లు మరొకరు లేక నాలుగు గోతుల దగ్గరా అతనే చదివాడు. అతని మనవరాలు చాప మీద గుడ్డపేలికలా పడి ఉంది. ఆ తరువాత చావులు ఆగాయి. పిల్ల లేచి కూర్చుంది. ఆదివారం నాడు అందరూ మోకాళ్లూని స్తోత్రాలు చెప్పుకున్నారు. చిట్టియ్య అందరికన్నా వెనక, తల వంచుకుని నిలబడ్డాడు.

గురువారం పొద్దున పాక వెనక కుప్పలోంచి నిన్న తెగిన ఏడు బిళ్ళల ముక్కలూ ఏరి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఐదు ముక్కలు సుద్దలా తెల్లగా, చేతికి అంటుకుంటున్నాయి. రెండు బూడిదరంగులో, గోటికి లొంగడం లేదు. చాలాసేపు తిప్పి చూశాడు. చివరికి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నాలిక ఆనించాడు.

ఉప్పు.

రెండోది ఉప్పు. మూడోది, నాలుగోది, ఐదోది. బూడిదరంగు ముక్కలు రెండూ చప్పగా ఉన్నాయి.

సున్నమూ ఇటుకపొడీ అన్నిటికీ ఒకటే. తేడా నీళ్లది. నీళ్లు నాలుగు మైళ్ల అవతలి మంచినీళ్ల చెరువు నుంచి పీపాల్లో, బండి మీద వస్తాయి. ‘పీపాల నీళ్లు సున్నానికి మాత్రమే. ఆఫీసువారికి మనిషికొక బిందె. కూలీలు కాలువ మడుగు నీళ్లు వాడుకోవలెను.’ ఆ ఉత్తరువుని ఏప్రిల్లో కూలీలందరినీ కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించింది తనే. విని అందరూ లేచారు. ఒక ముసలామె మాత్రం, “గోడకి దప్పికెక్కువా బాబూ?” అని అడిగింది. తను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం పీపాల బండి కట్ట మీద కనిపించింది. గానుగ వైపు తిరగాల్సిన బండి తిరగలేదు. గుడిసెల వెనక్కి దిగింది. యెహెజ్కేలు తడి చారల వెంట నడిచాడు.

గుడిసెల వెనక ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. చంటిపిల్లలున్నవాళ్లు ముందు, తక్కినవాళ్లు వెనక. పీపా ముందు చెంబు పట్టుకుని మనిషికి నాలుగు చెంబులు కొలిచి పోస్తున్నది ప్రసన్నకుమారి. ఒక్క చుక్క నేల మీద పడకుండా కుండ మూతి కింద రెండో చెయ్యి పడుతోంది.

మామగారిని చూసి ఆమె చెయ్యి ఆపలేదు. చివరి కుండ నిండాకే పైటతో చెయ్యి తుడుచుకుని దగ్గరకి వచ్చింది.

“మీరు చూడలేదనుకోండి మామయ్యగారూ.”

“మీకు రోజూ అరబిందె తెచ్చి ఇస్తున్నానుగా అమ్మా.”

“అరవై గడపలండి. అరబిందె ఎంతమందికండి?”

“ఎన్నాళ్లనుంచి?”

“ఆ నలుగుర్నీ పూడ్చిన మర్నాటినుంచి.”

“సున్నానికి మరి?”

ఆమె ఏరు వైపు చూసింది. ఖాళీ పీపాల బండి అటే వెళుతోంది. ఎడ్ల ముందు చిట్టియ్య, ఒక చేత్తో పలుపు, ఇంకో చేత్తో కడుపు పట్టుకుని. ఉప్పుటేట్లో మోకాళ్ల లోతుకి దిగి బాల్చీతో పీపాలు నింపడం మొదలుపెట్టాడు. రెండు బాల్చీలకొకసారి ఆగి, బండిచక్రం పట్టుకుని నిలబడుతున్నాడు.

“ఆ గోడ కింద పిల్లని పెట్టుకుని పడుకుంటున్నావమ్మా.”

“గోడ ఆరితే రాయవుతుందన్నాడండి మా నాన్న.” ఆమె గొంతు తగ్గింది. “అవదాండీ?”



శుక్రవారం లాజరు దగ్గరకి వెళ్లాడు. కొడుకు లాకు తలుపు పళ్ల చక్రానికి ఆముదం పట్టిస్తున్నాడు.

“సోమవారం నాడు పిల్లల్ని తీసుకుని ఊళ్లోకి వెళ్లిపో” అన్నాడు.

లాజరు నవ్వాడు. “నీళ్లొస్తుంటే కాపలాదారు ఊళ్లో ఉంటాడా నాన్నా? దొరగారి ముందు తలుపు తిప్పాల్సింది నేను. మీ కోడలూ పిల్లలూ చూస్తామని సంబరపడుతున్నారు. గుడిసెలవాళ్లందరూ గోడ మీదే నిలబడతారట.”

యెహెజ్కేలు ఆ పూటంతా పాకలో కూర్చున్నాడు. నోరు విప్పితే చిట్టియ్యని సంకెళ్లు వేసి తీసుకుపోతారు. బండి రేపటినుంచి గానుగకే పోతుంది, గుడిసెలవాళ్లు మడుగుకి పోతారు, మళ్లీ గోతులు తవ్వుతారు. నోరు విప్పకపోతే సోమవారం సాయంత్రం ఆ గోతులు కూడా అక్కరలేదు. ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకున్నాడు. ఎవరి పక్షాన చెయ్యాలో తోచలేదు. బిళ్ళల పళ్లెం ముందుకి లాక్కుని, ఎదురుగా ఉన్న ఏడింటినీ ఊరికే వరుసగా పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకి పళ్లెం పట్టుకుని చంద్రరావు డేరాకి వెళ్లాడు. అతని వెనకే ఇద్దరు కూలీలు ఇనప కొక్కెం, బకెట్టు, తక్కెడ మోసుకొచ్చి డేరా దూలానికి కట్టారు. సోమవారం ఏర్పాట్లు మాట్లాడటానికి పిలిపించిన చిట్టియ్య అప్పటికే గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండి పొక్కులు కట్టాయి.

“ఏమిటిది?” అన్నాడు చంద్రరావు.

“మీరే తెంపాలండి. నా చేతి మీద నమ్మకం లేదన్నారు గదా.”

ఆ మాట చంద్రరావుకి గుచ్చుకున్నట్టుంది. లేచి చొక్కా చేతులు మడుచుకుని ఇసుక తనే వదిలాడు. అంకెలు యెహెజ్కేలు పలక మీద రాశాడు. ఏడూ అయ్యాక పలక తుడిచి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మళ్లీ రాశాడు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై నాలుగు, తొంభై ఐదు, తొంభై తొమ్మిది.

“సగటు యాభై దాటిందోయ్” అన్నాడు చంద్రరావు కూడుకుని.

“దాటిందండి. నడిమిది చూడండి.”

చంద్రరావు చూశాడు. యెహెజ్కేలు రిజిస్టరు విప్పి, పెన్సిలు సున్నల్ని ఒక్కొక్కటే చూపించాడు. మార్చి. ఏప్రిల్ ఇరవై ఒకటి. ఇరవై రెండు. మే. జూన్. “ఏడింట్లో రెండు ఎప్పుడూ వేరుగా పోసినవేనండి. గోడలో ఉన్నది ఆ రెండూ కాదు, ఈ ఐదూను.”

చంద్రరావు రిజిస్టరు మూశాడు. లేచి బయటికి వెళ్లాడు. గుడారం సందులోంచి అతను గోడ దగ్గర వంగడం కనిపించింది. తిరిగి వచ్చినప్పుడు చూపుడువేలికి సున్నం అంటి ఉంది. దాన్ని జేబురుమాలుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“మధ్యాహ్నంలోపు గుర్రం మీద మనిషిని పంపితే, ఆదివారం సాయంత్రానికి ధవళేశ్వరంలో కాగితం అందుతుంది. తలుపులెత్తకుండా ఆపొచ్చు.” తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. “కాని ఇలాంటి కాగితం దోషి పేరు లేకుండా పైకి పోదు. పేరు లేకపోతే ఓవర్సీరుకి మతిపోయిందని పక్కన పడేస్తారు. బిళ్ళలు మార్చిందెవరు?”

యెహెజ్కేలు పలకని బల్ల మీద సరిగ్గా పెట్టాడు.

“నీకు తెలుసు. తెలియకపోతే ఇంతదాకా రావు.”

“తెలియదండి.”

“అంకెలన్నీ నీ చేతిరాతలో ఉన్నాయి. నువ్వు చెప్పకపోతే నేను రాయగలిగే పేరు ఒక్కటే ఉంది యెహెజ్కేలూ.”

“రాయండి.”

“ఏమిటి?”

“నా పేరే రాయండి. త్వరగా రాయండి, ఎండెక్కుతోంది. గుర్రానికి ఆలస్యమవుతుంది.”

చంద్రరావు కలం సిరాలో ముంచాడు. ముంచి, ఎదుటి మనిషి ముఖంలోకి చూశాడు. యెహెజ్కేలు చూపు తిప్పుకోలేదు. కలం కాగితం మీద ఆనింది.

గుమ్మం దగ్గర గుంజ పట్టుకుని చిట్టియ్య లేచి నిలబడ్డాడు.

“ఆ పేరు కొట్టేయండి బాబుగారూ. మా బావగారికి అబద్ధం రాయడం చేతకాదు. ఎవరైనా రాస్తే చదవనూ లేరు, నెలన్నర పట్టింది. చేసింది నేనండి. చిట్టియ్య, సున్నం మేస్త్రి అని రాయండి. ఆ నలుగుర్నీ పూడ్చిన రోజు నా మనవరాలి నాలిక చూశానండి, ఎండి చెక్కలా ఉంది. అవతల పన్నెండు పీపాల మంచినీళ్లు సున్నంలో పోయిస్తున్నాను. మర్నాడు బండి తిప్పేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు, బండివాడికి నేనే చెప్పాను, వాడి పేరు అడక్కండి. గోడకి ఉప్పునీళ్లు పోశాను. సున్నం ఏటికేడు బిగుస్తుందని మా నాన్న చెప్పేవాడు, ఉప్పైనా సరే మంచినీళ్లు తగిలితే బిగుస్తుందనుకున్నాను. అక్కడ పొరబడ్డాను. మీకు పాసు కావాలి గనక రోజూ రెండు బిళ్ళలు మంచినీళ్లతో, నా చేత్తో రెండింతలు నూరి పోశాను. వాటికి గుడిసెల నీళ్లు ముట్టుకోలేదండి. మనిషికి నాలుగు చెంబులు మా అమ్మాయి కొలిచేది. నా వంతు నాలుగు చెంబులూ ఆ రెండు బిళ్ళలకి పోసి, నేను మడుగు నీళ్లు తాగాను. ఇప్పుడు నా వల్ల కావడం లేదు, అందుకే గుంజ పట్టుకున్నాను, భయపడి కాదు. గోడ విప్పించండి. మళ్లీ కట్టించండి. ఆ రెండు బిళ్ళలూ దాచి ఉంచండి, అవి దొంగవి కావు. అందరికీ సరిపడా నీళ్లుంటే ఆ గోడ ఎలా ఉండేదో అవే చెబుతాయి. ఇంక నన్ను ఎక్కడికి పంపినా వస్తాను. ముందు గుర్రాన్ని పంపండి బాబుగారూ, మా పిల్ల ఇల్లు ఆ గోడ కిందే ఉంది.”